కింద ఉన్నవాణ్ణి చూడండి: హార్ట్ అన్నదమ్ముల మ్యాచ్ మీద ఒక కుస్తీ కోచ్ కేస్ స్టడీ

నేను హైదరాబాద్‌లో పిల్లలకి ఫ్రీస్టైల్ కుస్తీ నేర్పుతాను. పాఠంలో ప్రొఫెషనల్ రెజ్లింగ్ మ్యాచ్ ఒకటి వాడతానంటే తోటి కోచ్‌లు కొందరు నవ్వుతారు. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకున్న ఆటలో నేర్చుకోవడానికి ఏముంటుందని అడుగుతారు. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఒకే మ్యాచ్ తీసుకుని, అందులో నేల మీది పట్లు ఏం పని చేశాయో, వాటిని పిల్లలకి ఎలా చూపిస్తున్నానో పూర్తిగా రాస్తున్నాను.

మ్యాచ్ ఇది: 1994 మార్చి 20, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ సంస్థ ఏటా పెట్టే పెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియా 10లో మొట్టమొదటి పోటీ. అన్న బ్రెట్ హార్ట్, తమ్ముడు ఓవెన్ హార్ట్. ఇరవై నిమిషాల పైచిలుకు నడిచింది. గెలిచింది తమ్ముడు.

తొంభైల్లో కేబుల్ టీవీ ముందు పెరిగినవాళ్లకి, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు ఆడినవాళ్లకి ఈ పేర్లు కొత్త కాదు. కాకపోతే ఆ కార్డుల్లో పేకని గెలిపించేవి ఎత్తూ, బరువూ, ఛాతీ కొలతా. పట్టు తెలిసినవాడికి అందులో ఒక్క గడి కూడా ఉండేది కాదు. మనలో చాలామందికి ఆ ఆట చూసే అలవాటు ఆ కార్డుల దగ్గరే మొదలైంది, చాలామందికి అక్కడే ఆగిపోయింది కూడా.

ఫోన్‌లో వేలితో తోసేసే నిమిషాలు

ఒక కుర్రాడి చేతికి ఏదైనా పాత మ్యాచ్ వీడియో ఇచ్చి, వాడి వేలి వైపు చూస్తే చాలు. పైకెత్తి కుదేసిన చోట ఆగుతాడు. తాడు మీంచి దూకిన చోట వెనక్కి జరిపి మళ్లీ చూస్తాడు. ఇద్దరూ నేల మీదికి చేరి ఒకడు ఇంకొకడి మెడో చెయ్యో పట్టుకోగానే వేలు ముందుకి తోసేస్తుంది. "పడుకున్నారు సార్, ఏం లేదు" అంటాడు.

వాడిది పూర్తిగా తప్పని నేననను. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో చాలా పట్లు నిజంగానే ఊపిరి తీసుకోవడానికి పట్టేవి. తర్వాత ఏం చేయాలో ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవడానికి కూడా అదే సమయం. పైన ఉన్నవాడు పళ్లు కొరుకుతూ, ముఖం వంకర పెడుతూ ఉంటాడు గనక ఏదో జరుగుతోందని మనకి అనిపిస్తుంది. అందుకే పైవాడి ముఖాన్ని నమ్మొద్దని పిల్లలకి చెబుతాను. కింద ఉన్నవాడి నడుము చూడాలి, ఆ తర్వాత వాడి ఖాళీ చెయ్యి చూడాలి. నడుము నేలకి అతుక్కుపోయి ఉంటే అది విశ్రాంతి. నడుము పక్కకి జరుగుతూ, మోకాలు పొట్ట కిందికి లాక్కోవడానికి వెతుకుతూ, ఖాళీ చెయ్యి పైవాడి మణికట్టు కోసం తడుముతూ ఉంటే అక్కడ కుస్తీ నడుస్తున్నట్టు. ఈ ఒక్క కొలబద్దతో పాత మ్యాచ్‌లు చూడటం మొదలుపెడితే ఎవరిది పనితనం, ఎవరిది వేషం అన్నది తొందరగానే విడిపోతుంది.

బ్రెట్, ఓవెన్ల మ్యాచ్‌ని ఎంచుకోవడానికి కారణం అదే. ఇరవై నిమిషాల్లో కింద ఉన్నవాడి నడుము చచ్చుబడిన చోట్లు చాలా తక్కువ.

ఇద్దరికీ ఒకే వస్తాదు

వాళ్ల నాన్న స్టూ హార్ట్ కెనడాలో పేరున్న అమెచ్యూర్ మల్లుడు. తర్వాత కాల్గరీలో స్టాంపీడ్ రెజ్లింగ్ అనే సంస్థ నడిపాడు. ఇంటి కింద నేలమాళిగలో మ్యాట్ వేసి కుర్రాళ్లకి నేర్పేవాడు. ఆ గదికి డంజన్ అని పేరు పడింది. నేర్పడం అంటే ముందు పట్టు పట్టి, అరిచేదాకా వదలకపోవడం. ఆ కేకలు పైన ఇంట్లోకి వినపడేవట. పన్నెండు మంది పిల్లల్లో బ్రెట్ ఎనిమిదోవాడు, 1957లో పుట్టాడు. ఓవెన్ అందరికన్నా చిన్నవాడు, 1965లో పుట్టాడు. అన్న బడిలో అమెచ్యూర్ కుస్తీ పట్టి, కాల్గరీ నగర స్థాయిలో గెలిచి, తర్వాత స్టాంపీడ్‌లోనే పనిచేసిన జపాన్ మల్లులు మిస్టర్ హిటో, సకురాదాల దగ్గర వృత్తి నేర్చాడు. తమ్ముడు కాల్గరీ యూనివర్సిటీ తరఫున కుస్తీ పట్టాడు. 1988లో జపాన్ వెళ్లి న్యూ జపాన్ సంస్థ వాళ్ల ఐడబ్ల్యూజీపీ జూనియర్ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు. జపాన్ వెలుపలి మల్లుడికి ఆ బెల్టు దక్కడం అదే మొదటిసారి.

ఈ పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి కారణం ఉంది. ఒకే గదిలో, ఒకే వస్తాదు చేతి కింద తయారైన ఇద్దరు తలపడితే ఒకడి పట్టుకి విరుగుడు రెండోవాడికి చిన్ననాటి నుంచే తెలిసి ఉంటుంది. కాబట్టి ఏ పట్టూ ఎక్కువసేపు నిలవకూడదు. నిలిచిందంటే దానికి వేరే కారణం కనిపించాలి. మ్యాచ్ కట్టడం అంతా ఈ లెక్క మీదే నడిచింది.

కథ సంగతి టూకీగా చెప్పేస్తాను. 1993 నవంబర్‌లో సర్వైవర్ సిరీస్ అనే ప్రదర్శనలో హార్ట్ అన్నదమ్ములు నలుగురు ఒక జట్టుగా ఆడితే, బ్రెట్‌కి తగిలి తడబడి అవుటైంది ఓవెన్ ఒక్కడే. 1994 జనవరిలో రాయల్ రంబుల్‌లో ఇద్దరూ జోడీగా ఆడారు. బ్రెట్ మోకాలు దెబ్బతిన్నా తమ్ముడి చేతికి ఆట అందివ్వలేదు, రిఫరీ మ్యాచ్ ఆపేశాడు. కోపంతో ఓవెన్ అన్న కాలు తన్నేశాడు. తర్వాత మైకు ముందు నోరు తిరక్క "నీ కాల్లోంచి నీ కాలు తన్నేశా" అన్నట్టు ఏదో అనేశాడు. అభిమానులు ఈ రోజుకీ ఆ మాట తలుచుకుని నవ్వుకుంటారు. నవ్వు సరే గానీ ఆ మోకాలుని గుర్తుపెట్టుకోండి, మార్చిలో మళ్లీ దానితో పనుంది.

అదే రాత్రి, చాలామంది కలిసి తలపడే రంబుల్ పోటీలో బ్రెట్, లెక్స్ లూగర్ ఇద్దర్నీ విజేతలుగా ప్రకటించారు. ఆ పోటీ గెలిచినవాడికి రెజిల్‌మేనియాలో టైటిల్ మ్యాచ్ దక్కుతుంది. అందువల్ల రెజిల్‌మేనియా రోజున బ్రెట్ ముందు తమ్ముడితో తలపడి, రాత్రి చివర్లో మళ్లీ టైటిల్ కోసం బరిలోకి దిగాలి. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఓవెన్‌కి ఎగిరి దూకే విద్య బాగా వచ్చు. అవన్నీ పెడితే జనం అతన్నే మెచ్చుకుంటారని, ముందు అనుకున్న వరసని మార్చుకున్నామని బ్రెట్ తర్వాతి కాలంలో చెప్పాడు. అంటే ఈ మ్యాచ్ నేల మీదికి దిగింది యాదృచ్ఛికంగా కాదు. కథలో చెడ్డవాడు చెడ్డవాడిగా కనబడాలంటే అతని గొప్ప విద్యని దాచిపెట్టి, అన్నతో సమానమైన విద్యని మాత్రమే బయటపెట్టాలి. ఈ తెలివి నాకు చాలా నచ్చుతుంది.

మొదటి నిమిషాలు

నేను ఎక్కువసేపు ఆపి చూపించేది ఇదే భాగం.

గంట మోగుతుంది. మెడ మీద ఒక చెయ్యి, మోచేతి మీద ఒక చెయ్యి వేసి ఇద్దరూ కలబడతారు. విడిపోగానే ఓవెన్ రెండు చేతులూ పైకెత్తి, బెల్టు గెలిచినంత సంబరం చేసుకుంటాడు. ఇంకా ఏమీ జరగలేదు. కానీ ఆ ఒక్క సంబరంతో తర్వాత రాబోయే ప్రతి చిన్న పట్టుకీ విలువ కట్టేశాడు. ఈ కుర్రాడికి ప్రతి పైచేయీ ఒక లెక్కే, ఎన్నేళ్ల నుంచో రాసుకుంటున్న లెక్క.

ఆ తర్వాత నడుం పట్లు. ఒకడు వెనక్కి చేరతాడు, నడుము చుట్టి కింద పడేస్తాడు. కింద పడ్డవాడు పడ్డచోట ఉండిపోడు. మోకాళ్ల మీదికి వస్తాడు, పైవాడి చేతి లంకె విడదీస్తాడు, లేచి తనే వెనక్కి చేరతాడు. అంత్యాక్షరిలో ఎదుటివాళ్ల ఆఖరి అక్షరంతో మన పాట మొదలైనట్టు, ఇక్కడ ఒకడి పట్టు ఆగిన చోటే రెండోవాడి పట్టు మొదలవుతుంది. మధ్యలో ఖాళీ ఉండదు. ఇద్దరిలో ఒక్కడు తడబడినా వరస తెగిపోతుంది. ఒప్పందం చేసుకున్న ఆటే అయినా, ఈ వేగంతో తెగకుండా నడపాలంటే ఇద్దరి ఒంట్లోనూ అసలు కుస్తీ ఉండాలి.

మణికట్టు మెలి దగ్గర ఆపుతాను. బ్రెట్ తమ్ముడి చెయ్యి మెలిపెడతాడు. మణికట్టుని తిప్పుతున్నట్టు కనబడినా అసలు బాధ భుజానికి. మెలి ఎటు తిరుగుతోందో ఒళ్లు కూడా అటే తిరిగితే మెలి విడిపోతుంది. ఓవెన్ చేసేది అదే. ముందుకి దొర్లి, వీపు మీంచి ఒక్క ఊపున లేచి నిలబడి, చేతిని తిరిగి తన వైపు తెచ్చుకుంటాడు. పిల్లలు ఆ లేవడం చూసి ఈలలు వేస్తారు. నేను చూడమనేది దానికి ముందున్న క్షణాన్ని: మెలికి ఎదురు లాగకుండా మెలితో పాటు వెళ్లాడు. కొత్తగా చేరిన పిల్లలందరూ ఎదురే లాగుతారు, భుజం పట్టేసిందని ఏడుస్తారు.

ఇంతలో ఇంకో సంగతి కనబడుతుంది. సమానంగా సాగుతున్న వరసలో ప్రతిసారీ అన్న ఒక్క అడుగు ముందుంటాడు. అలా వెనకబడ్డ క్షణంలో ఓవెన్ చెయ్యి బ్రెట్ జుట్టు మీదికి పోతుంది. విద్య అయిపోయిన చోట జుట్టు దొరికిందన్నమాట. బయటికి విసిరేస్తే తిరిగి లోపలికొచ్చి అన్న చెంప మీద ఒకటి ఇస్తాడు. వెయ్యి మాటల తిట్టుకన్నా ఆ జుట్టు పట్టుకోవడమే ఎక్కువ చెబుతుంది. నిజాయితీగా ఆడితే రెండో స్థానం అని అతనికి తెలుసు.

ఇక్కడ పిల్లలతో ఒక పని చేయిస్తాను. టీవీ శబ్దం తీసేసి, మనం ఆడే అంతర్జాతీయ ఫ్రీస్టైల్ నిబంధనలతో ఆ నిమిషాలకి పాయింట్లు వేయమంటాను. కింద పడేసి అదుపులోకి తెచ్చుకుంటే 2, కిందనుంచి తిరగబడి పైకొస్తే 1, వీపుని మ్యాట్ వైపు తిప్పితే 2. ప్రతిసారీ గొడవే. ఒకడు రెండంటాడు, ఇంకొకడు అదుపు రాలేదు కాబట్టి సున్నా అంటాడు. ఆ గొడవే నాకు కావాలి. చివరికి లెక్క బ్రెట్ వైపే మొగ్గుతుంది. మ్యాచ్ గెలవబోయేవాడు ఆ లెక్కలో వెనకబడి ఉండటం వాళ్లకి మింగుడు పడదు.

శబ్దం తీసేయడానికి కారణం లేకపోలేదు. వ్యాఖ్యానం చెప్పేది విన్స్ మెక్‌మాన్, జెర్రీ లాలర్. లాలర్ మొదటి నుంచీ ఓవెన్ పక్షమే. అతని నోరు వింటూ ఉంటే కళ్లు పని చేయవు.

ఒకసారి ఈ వీడియో నడుస్తుంటే మా పాత వస్తాదు ఒకాయన వచ్చి వెనక కూర్చున్నాడు. మట్టి గోదాలో పట్టినవాడు, మ్యాట్ అంటేనే చిన్నచూపు. ఇదంతా ఉత్తుత్తి ఆటే కదా అని ఎవరో పిల్లవాడు అడిగాడు. "ఉత్తుత్తిదేనని నాకూ ఎర్కే బిడ్డా. గాని గా కిందోని నడుము సూడు, పక్కకి గుంజుకుంటుండు. నేర్వనోడు గట్ల గుంజడు" అన్నాడు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆయన అంత తేలిగ్గా చెప్పేశాడు.

నడుము, తర్వాత మోకాలు

ఓవెన్ గిర్రున తిరిగి కొట్టిన మడమ దెబ్బతో ఆట అతని చేతిలోకి వస్తుంది. బయటికి తీసుకెళ్లి అన్న వీపుని ఇనుప స్తంభానికి కొడతాడు. లోపలికి తెచ్చి తొడ మీద వీపు విరుస్తాడు. వీపు మీద కూర్చుని గడ్డం కింద చేతులు వేసి వెనక్కి లాగే కామెల్ క్లచ్ పడతాడు. మామూలుగా ఈ పట్టు విశ్రాంతికి పెట్టింది పేరు. ఇక్కడ దానికో పని ఉంది. ఈ అన్నదమ్ముల ఇంటి పట్టు షార్ప్‌షూటర్. ఎదుటివాడి కాళ్లు ముడివేసి బోర్లా తిప్పి మీద కూర్చునే ఆ పట్టు గురి నడుము కింది భాగం. ఇప్పుడు వీపు మీద పెట్టే ప్రతి దెబ్బా ఆ పట్టు కోసం ముందే చేసుకుంటున్న ఏర్పాటు. ఇది గ్రహిస్తే ఆ నిమిషాలని ముందుకి తోసేయబుద్ధి కాదు.

వెనకనుంచి నడుము పట్టి తల మీదుగా విసిరి, పట్టు వదలకుండా తను మెడ మీద, కాలివేళ్ల మీద వంతెనలా నిలబడి భుజాలు నొక్కి ఉంచే జర్మన్ సూప్లెక్స్ కూడా ఈ భాగంలోనే. ఆ వంతెన దగ్గర ఆపి, ఓవెన్ మడమలు చూడమంటాను. నేలకి తగలవు. మా దగ్గర రోజూ మెడ బ్రిడ్జి వేయించేటప్పుడు పిల్లలు మడమలు కింద పెట్టి బండి నడిపిస్తారు.

టూంబ్‌స్టోన్ పైల్‌డ్రైవర్, తాడు మీంచి దూకి గురి తప్పడం, బ్రెట్ తిరిగి లేచి తన రోజూవారీ వరస మొత్తం చకచకా వేయడం, ఇవన్నీ నేను వేగంగా దాటించేస్తాను. బాగుంటాయి. నా పాఠానికి మాత్రం పనికిరావు.

ఒక్క విషయంలో మాత్రం దాటేయకుండా ఆగి హెచ్చరిస్తాను. తల కిందులుగా పట్టుకుని కూర్చునే పైల్‌డ్రైవర్ జాతి ఏదీ మా గోదాలో ఎవడూ సరదాకి కూడా ముట్టుకోకూడదు. 1997 ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో ఇదే ఓవెన్, ఇంత నైపుణ్యం ఉన్నవాడు, అలాంటి పైల్‌డ్రైవర్ వేస్తే స్టీవ్ ఆస్టిన్ మెడకి పెద్ద దెబ్బ తగిలింది. చేయి తిరిగినవాడి దగ్గరే అలా జరిగితే మన సంగతి చెప్పాలా?

మోకాలు దగ్గరికి వద్దాం. బ్రెట్ తాడు మీదుగా బయట ఉన్న తమ్ముడి మీదికి దూకుతాడు. దిగడంలో మోకాలు దెబ్బతింటుంది. అన్నది పొరపాటు, తమ్ముడికి అది వరం. జనవరిలో తన్నింది ఆ కాలునే. ఇక్కడినుంచి ఓవెన్ మారిపోతాడు. సంబరాలు తగ్గిపోయి చూపు ఒక్కచోట నిలుస్తుంది. కాలు లాగుతాడు, తన్నుతాడు, స్తంభానికి వేసి కొడతాడు, మెలిపెడతాడు. చివరికి ఫిగర్ ఫోర్ పడతాడు.

ఫిగర్ ఫోర్‌లో ఎదుటివాడి ఒక కాలుని రెండో కాలి మీద అడ్డంగా మడిచి, దాని మీద మన కాలు వేసి బిగిస్తాం. ఇద్దరూ వెల్లకిలా ఉంటారు. అందువల్ల ఎవరు పైవాడు, ఎవరు కిందివాడు అని అడిగితే పిల్లలు తడబడతారు. బాధపడేవాడే కిందివాడు అనుకోమంటాను. ఇప్పుడు బ్రెట్ నడుము చూడండి. ఒక పక్కకి ఊగుతాడు, ఆగుతాడు, రెండో చేత్తో మ్యాట్‌ని తోస్తాడు, మళ్లీ ఊగుతాడు. మధ్యలో భుజాలు నేలకి ఆనితే రిఫరీ లెక్క మొదలవుతుంది గనక లేచి కూర్చోవాలి. అంటే రెండు ప్రమాదాలు ఒకేసారి. చివరికి బోర్లా తిరుగుతాడు, బరువు అటు మారుతుంది, కేక ఇప్పుడు ఓవెన్‌ది. చేతులతో కొట్టింది లేదు. నడుముతోనే పని పూర్తి చేశాడు.

ఇక్కడ నాకో చిన్న అసంతృప్తి కూడా ఉంది. ఇంత శ్రద్ధగా మోకాలుని విరగ్గొట్టాక, కాసేపటికే బ్రెట్ పైల్‌డ్రైవర్ వేస్తాడు, పై తాడు మీంచి వెనక్కి ఎత్తి పడేసే సూపర్‌ప్లెక్స్ కూడా వేస్తాడు. కుంటుతాడు, మోకాలు పట్టుకుంటాడు, నిజమే. అయినా ఆ కాలితో అంత ఎత్తు ఎక్కడం నా లోపలి కోచ్‌కి రుచించదు. అభిమానులతో దీని మీద వాదన జరిగితే ఎప్పుడూ ఓడిపోయేది నేనే.

ఇంటి పట్టు, ఆఖరి మూడు లెక్కలు

షార్ప్‌షూటర్ డంజన్‌లో పుట్టింది కాదు. జపాన్‌లో రికి చోషు చేతిలో పేరు తెచ్చుకున్న పట్టు. అది పట్టడం తనకి చూపించింది మల్లుడు కొనాన్ అని బ్రెట్టే చెప్పాడు. 1991 ఆగస్టులో ఇదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మిస్టర్ పర్ఫెక్ట్ మీద ఆ పట్టుతో ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు గెలిచాక అది అతని సంతకం అయిపోయింది. అక్కడా చూడదగ్గది ఇదే: బ్రెట్ నేల మీద వెల్లకిలా పడి ఉండగా పర్ఫెక్ట్ కాలితో కొట్టబోయాడు. బ్రెట్ కిందనుంచే ఆ కాలు అందుకుని, పడుకున్నచోటే కాళ్లు ముడివేసి, తర్వాత లేచి తిప్పేశాడు.

ఓవెన్ మ్యాచ్‌లో బ్రెట్ వెనకనుంచి మెడ బిగించే స్లీపర్ పట్టి ఉండగా తమ్ముడు వెనక్కి తన్ని, తగలకూడని చోట తగిలిస్తాడు. అన్న కూలిపోగానే అతని సొంత పట్టునే అతనికి వేస్తాడు. కాళ్ల మధ్యలోకి అడుగు వేసి, రెండు కాళ్లూ ముడివేసి, మీదుగా దాటుతూ బోర్లా తిప్పి, కూర్చుంటాడు. ఈ పట్టులో బలహీనత ఎక్కడో చెప్పమని అడిగితే పిల్లల్లో తొందరగా చెప్పేవాడు ఒక్కడైనా ఉంటాడు: పైవాడి పాదం కిందివాడి చేతికి అందేంత దగ్గర్లో ఉంటుంది. బ్రెట్ దాన్నే లాగుతాడు. పైవాడు పడతాడు, కాళ్ల ముడి అలాగే ఉంటుంది, ఎవరిది ఎవరికి అన్నది మాత్రం మారుతుంది. ఇప్పుడు షార్ప్‌షూటర్ బ్రెట్‌ది. ఓవెన్ తాడు దాకా పాకి బయటపడతాడు. సొంత పట్టుకి విరుగుడు తెలిసినవాడు దాన్ని కనిపెట్టినవాడి కన్నా ఎక్కువ ప్రమాదకరం అన్న విషయం ఇక్కడ అన్న వైపు నిలబడింది. ఇంకో నిమిషంలో అదే విషయం తమ్ముడి వైపు తిరగబోతోంది.

మూలకి విసిరే దగ్గర ఓవెన్ దూసుకొస్తే బ్రెట్ బూటు అడ్డం పెడతాడు. వెంటనే ఎగిరి తమ్ముడి భుజాల మీద కూర్చుంటాడు. విక్టరీ రోల్ కోసం. ముందుకి దొర్లితే భుజాల మీదివాడి బరువుతో కిందివాడు వెల్లకిలా పడి పిన్ అవ్వాలి, అంటే మూడు లెక్కపెట్టేదాకా భుజాలు మ్యాట్‌కి ఆని ఉండాలి. ఓవెన్ దొర్లడు. మోకాళ్లు మడిచి నడుము కిందికి వదిలేస్తాడు, కూర్చుండిపోతాడు. దొర్లాల్సిన వేగం ఆగిపోయి బ్రెట్ భుజాలు మ్యాట్‌కి అతుక్కుంటాయి. ఒకటి, రెండు, మూడు.

ఈ ముగింపుని నేను ఎన్నిసార్లు వెనక్కి జరిపి చూపిస్తానో నాకే తెలియదు. ఇరవై నిమిషాలూ జుట్టు పట్టుకుని, చెంప మీద కొట్టి, తన్నకూడని చోట తన్నిన మనిషి, గెలిచిన ఆ ఒక్క క్షణంలో మాత్రం ఏ మోసమూ చేయలేదు. జుట్టు లేదు, తాడు లేదు. శుద్ధమైన విరుగుడు, భుజాల మీద బరువు పడ్డప్పుడు కిందివాడు చేయగలిగిన అతి చిన్న పని. అన్నకి గెలుపు కష్టమైతే తమ్ముడిది మోసం అనుకుంటూ కూర్చున్న ప్రేక్షకుడికి ఇప్పుడు సాకు దొరకదు. ఆ రాత్రి చివర్లో బ్రెట్ యోకోజునాని ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచాడు. సంబరం నడుస్తుంటే ఓవెన్ వచ్చి దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఛాంపియన్‌ని అదే రోజు ఓడించినవాడు అతను, పైగా సక్రమంగా ఓడించాడు. ఆ సక్రమం లేకపోతే ఆ చూపుకి అంత బరువు ఉండేది కాదు. ఆగస్టులో రింగు చుట్టూ కట్టిన ఇనుప పంజరం లోపల మళ్లీ తలపడటానికి కూడా అదే దారి వేసింది.

ఇలాంటి ముగింపు బ్రెట్‌కి కొత్త కూడా కాదు. 1992 ఏప్రిల్‌లో ఇండియానాపొలిస్‌లో రాడీ పైపర్ స్లీపర్ పట్టి ఉండగా మూలనున్న మెత్తని దిండుని కాళ్లతో తన్ని, వెనక్కి పల్టీ వేసి, పట్టు పట్టినవాడి భుజాలనే నేలకి నొక్కి గెలిచాడు. అదే ఏడాది ఆగస్టులో లండన్ వెంబ్లీలో బావ డేవీ బాయ్ స్మిత్ మీద, ఎదుటివాడి మీదుగా పల్టీ కొట్టి వెల్లకిలా లాగే సన్‌సెట్ ఫ్లిప్ వేయబోతే స్మిత్ కాళ్లు ఇరికించి కూర్చుని గెలిచాడు. 1996 నవంబర్‌లో ఆస్టిన్ మీద పైపర్ నాటి కిటుకే మళ్లీ పని చేసింది. నాలుగిట్లోనూ గెలుపు కొత్త దెబ్బతో రాలేదు, ఎదుటివాడు వేసిన పట్టులోంచే వచ్చింది. నాలుగూ వరసగా చూపిస్తే ఒక మల్లుడి ఆలోచన ఎలా ఉంటుందో పిల్లలకి నా మాటలతో పని లేకుండా తెలుస్తుంది.

అదే రెజిల్‌మేనియాలో రేజర్ రామన్, షాన్ మైకేల్స్ నిచ్చెన మ్యాచ్ కూడా ఉంది. ఆ రోజు గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది దాని గురించే. దాన్ని కాదనే ధైర్యం నాకు లేదు, చిన్నప్పుడు నేనూ దానికే పడిపోయాను. తేడా ఒక్కటే: నిచ్చెన మ్యాచ్ చూసి లేచిన పిల్లవాడు నిచ్చెన ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాడు. ఈ మ్యాచ్ చూసి లేచినవాడు పక్కవాడి మణికట్టు పట్టుకుంటాడు. రెండోవాడికి నేను నేర్పగలను.

గోదాలో ఏం మారింది

ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. ఈ మ్యాచ్ చూసినందుకు ఎవడూ పతకం తేలేదు. రెండు మార్పులు మాత్రం నా కళ్లకి కనబడ్డాయి. కింద చిక్కినప్పుడు పిల్లలు పొట్ట మీద బోర్లా పడి విజిల్ కోసం ఎదురుచూడటం తగ్గింది. ఇంతకుముందు "కదలరా" అని అరిచేవాణ్ణి. ఇప్పుడు "ఓవెన్" అంటే చాలు, నడుము జరుపుతాడు. రెండోది, భుజాల మీదికి ఎవరైనా ఎక్కబోతే ముందుకి పడిపోకుండా కూర్చోవడం. ఫ్రీస్టైల్‌లో విక్టరీ రోల్ పెద్దగా ఎవరూ వేయరు. కానీ తల కింద దూరి ఎత్తబోయేవాడి మీద నడుము బరువు సమయానికి కిందికి వదలడం అదే సూత్రం, అది రోజూ పనికొస్తుంది.

తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు మొదట్లో అభ్యంతరం చెప్పారు. "సార్, టీవీలో కొట్టుకునేవి చూపిస్తే ఇంట్లో తమ్ముళ్ల మీద ప్రయోగం చేస్తారు" అన్నారు. న్యాయమైన భయమే. అందుకే వీడియో గోదాలోనే, నేను ఉన్నప్పుడే. లింకు ఎవరికీ పంపను. పంపకపోయినా వాళ్లు వెతుక్కుంటారు, అది వేరే సంగతి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకి మొదటి ఐదు నిమిషాలు, ఆఖరి రెండు నిమిషాలు చాలు. పద్నాలుగు దాటినవాళ్లకి మొత్తం చూపిస్తాను. ఇంకా పెద్దవాళ్లు, రాష్ట్ర స్థాయికి వెళ్లేవాళ్లు అయితే దీని తర్వాత 1975 డిసెంబర్ 11న టోక్యోలో ఆంటోనియో ఇనోకి, బిల్లీ రాబిన్సన్‌ల మధ్య గంటసేపు నడిచి సమంగా ముగిసిన మ్యాచ్ పెడతాను. మూడింట రెండు గెలిస్తే విజయం అనే పద్ధతిలో ఆడిన మ్యాచ్ అది. నలభై నిమిషాలు దాటాక గానీ మొదటి పిన్ పడదు, అది రాబిన్సన్‌ది. గంట కావడానికి నిమిషం లోపే ఉందనగా ఇనోకి కాళ్లూ చేతులూ చుట్టి బిగించే ఆక్టోపస్ పట్టుతో సమం చేస్తాడు. రాబిన్సన్ ఇంగ్లండ్‌లోని విగన్‌లో బిల్లీ రైలీ నేర్పిన తాలీంలో తయారైనవాడు. ఇనోకికి గురువైన కార్ల్ గోచ్ కూడా అక్కడ పట్టినవాడే. కాబట్టి ఇది కూడా ఒక రకంగా ఒకే ఇంటివాళ్ల కుస్తీ. గోచ్ తన శిష్యులతో రోజూ చేయించిన కసరత్తుల్లో మన పహిల్వాన్ల దండీలు, బస్కీలు, గద తిప్పడం ఉండేవి. న్యూ జపాన్ వాళ్ల శిక్షణ గదిలో కుర్రాళ్లు వందల బస్కీలు తీసేది ఆ అలవాటు వల్లే. మా దగ్గర బస్కీలు ఎగ్గొట్టే పెద్ద పిల్లలకి ఆ మ్యాచ్ చూపించడానికి నాకున్న రెండో కారణం అది.